దుమ్ము దేశంలో డ్యూటీ: ఫోన్-ఇన్

ప్రయోక్త: నమస్కారం. విజయవాడ స్టూడియో నుంచి ప్రత్యక్ష ప్రసారం. దక్షిణ సూడాన్ 2011 జులైలో స్వతంత్ర దేశమైంది. అప్పటి నుంచీ అక్కడ ఐక్యరాజ్యసమితి శాంతిదళం ఉంది, అందులో మన సైన్యమూ ఉంది. అక్కడికి వెళ్లేవాళ్ల రోజువారీ ఇబ్బందుల గురించి అడగండి. సైన్యంలో వాహనాల మరమ్మతు చూసిన సుబేదార్ గారు, సైనిక వైద్య విభాగంలో పనిచేసిన డాక్టర్ గారు జవాబులు చెబుతారు. మొదటి కాల్ తెనాలి నుంచి.

తెనాలి శ్రోత: నమస్తే సార్. మా యూనిట్‌కి ఆర్డర్ వచ్చింది. అక్కడ దుమ్ము విపరీతం అంటున్నారు. ఏం తీసుకెళ్లాలి?

సుబేదార్: తమ్ముడూ, మీ గుంటూరు వైపు పత్తి పండే నల్లరేగడి చూశావుగా? దక్షిణ సూడాన్‌లోని మలకల్ పట్టణం చుట్టుపక్కలా నల్లరేగడే. నవంబరు, డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వాన ఉండదు. అప్పుడు బండ్ల చక్రాల కింద నలిగి పొడైపోతుంది. మే నుంచి వానలు పడితే అదే మట్టి బండిని కదలనివ్వదు. రెండు కాలాలకీ సిద్ధపడి వెళ్లు. ముక్కుకి తడి తువ్వాలు కడతారు చాలామంది. సన్నటి దుమ్ము అందులోంచి పోతుంది, తడిసిన బట్టలోంచి ఊపిరి ఆడదు. ఎన్95 మాస్కులు పెట్టుకో. కళ్లకి పక్కలు మూసి ఉండే గాగుల్స్ కావాలి.

డాక్టర్: కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లయితే అవి ఇంట్లోనే వదిలేసి, రెండు జతల కళ్లద్దాలు తీసుకెళ్లండి. కంట్లో నలక పడితే నలపకూడదు, శుభ్రమైన నీళ్లతో కడగాలి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు పడాలి. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు పాస్‌పోర్టుతోపాటే ఉంచు. తిరిగొచ్చేటప్పుడు అది లేకపోతే మన విమానాశ్రయంలోనే 6 రోజుల దాకా విడిగా ఉంచవచ్చు.

తెనాలి శ్రోత: ఎండ సంగతి సార్? మనకి విజయవాడ మే నెల అలవాటేగా.

డాక్టర్: ఆ ధైర్యమే వద్దు బాబూ. ఇక్కడ మధ్యాహ్నం నీడ చూసుకుంటావు. అక్కడ హెల్మెట్, బుల్లెట్ ప్రూఫ్ జాకెట్ ఒంట్లో వేడిని బయటికి పోనివ్వవు. మొదటి 7 నుంచి 14 రోజులు పని మెల్లగా పెంచుకోవాలి. ఎండలో బరువు పని చేస్తే గంటకి ముప్పావు లీటరు నుంచి లీటరు నీళ్లు, కొంచెం కొంచెంగా తాగు. గంటకి ఒకటిన్నర లీటరు మాత్రం దాటొద్దు. ఉత్త నీళ్లు మరీ ఎక్కువైతే రక్తంలో ఉప్పు పలచబడి మనిషి పడిపోతాడు. చెమట ధారగా పోయిన రోజు ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒక లీటరు నీళ్లలో కలుపు. ప్యాకెట్ లేకపోతే లీటరుకి 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్లు చాలట్లేదన్నమాట.

ప్రయోక్త: మంగళగిరి నుంచి అమ్మ లైన్లో ఉన్నారు. టీవీ సౌండ్ తగ్గించండమ్మా.

మంగళగిరి శ్రోత: మా అబ్బాయి అక్కడే ఉన్నాడండీ. మలేరియాకి రోజూ మాత్ర ఇస్తున్నారంట. వేసుకుంటే గుండెల్లో మంట అని మానేస్తానంటున్నాడు. డాక్సీసైక్లిన్ అంట.

డాక్టర్: మాననివ్వకండమ్మా. మంట వచ్చేది వేసుకునే పద్ధతి వల్ల. రాత్రి పడుకునే ముందు ఒక గుక్క నీళ్లతో మింగితే మాత్ర గొంతు కింద అన్నవాహికలో ఆగి, అక్కడ పుండు చేస్తుంది. అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని, కనీసం అరగంట నడుం వాల్చకుండా ఉండమనండి. పాలతోనూ, ఎసిడిటీ మందుతోనూ కలిపి వద్దు. ఆ మాత్ర వేసుకునేవాళ్ల చర్మం ఎండకి తొందరగా కమిలిపోతుంది, కాబట్టి ఫుల్ చేతులు. సన్‌స్క్రీన్ ముందు, దోమల మందు దాని పైన రాయాలి. ఇంకోటి, తిరిగొచ్చాక కూడా 4 వారాలు వేసుకోవాలి. ఇంటికొచ్చిన సంతోషంలో చాలామంది అదే ఆపేస్తారు. అన్నీ చేసినా మంట తగ్గకపోతే యూనిట్ ఎంఐ రూమ్‌లో, అంటే అక్కడి వైద్య గదిలో, చెబితే మందు మారుస్తారు. సొంతంగా మానడం మాత్రం ప్రమాదం.

సుబేదార్: దోమతెర అంచులు పగలు కూడా పరుపు కిందకి దోపే ఉంచమని చెప్పండమ్మా. దుమ్మూ పడదు, సాయంత్రం దోమా దూరదు. గది చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి మళ్లీ మంచం మీదే పడుతుంది, తడిగుడ్డ పెట్టాలి. బూట్లు దులిపి తొడుక్కోవాలి, తేళ్లుంటాయి.

మంగళగిరి శ్రోత: సెలవుకొచ్చి వెళ్లేటప్పుడు పచ్చడి ఇవ్వొచ్చా అండీ?

సుబేదార్: ఇవ్వండి, కానీ చేతి సంచీలో వద్దు, తనిఖీలో తీసేస్తారు. సీసా నిండా కుక్కకుండా పైన కొంచెం ఖాళీ ఉంచి, మూతకి టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టండి. నన్నడిగితే కంది పొడి, నువ్వుల పొడి మేలు. బరువు తక్కువ, కారదు. ఎండుకొబ్బరి చిప్పలు పెట్టకండి, దానంతట అదే వేడెక్కి అంటుకునే సరుకు కింద లెక్క.

ప్రయోక్త: గన్నవరం నుంచి వెహికల్ మెకానిక్.

గన్నవరం శ్రోత: జైహింద్ సాబ్. అక్కడ ఎయిర్ ఫిల్టర్ రోజూ విప్పి గాలి కొట్టాలా?

సుబేదార్: జైహింద్. రోజూ విప్పకు. విప్పిన ప్రతిసారీ హౌసింగ్‌లో, అంటే ఫిల్టర్ డబ్బాలో, ఉన్న దుమ్ము ఇంజిన్ వైపు రాలుతుంది. రోజూ చేయాల్సింది కింద ఉండే రబ్బరు వాల్వ్ నొక్కి దుమ్ము దులపడం, ఫిల్టర్ మూసుకుపోయిందో లేదో చూపించే ఇండికేటర్ చూడడం. ఎరుపు చూపిస్తేనే బయటి ఎలిమెంట్, అంటే దుమ్ము వడకట్టే కాగితం చుట్ట, తీయి. తీసే ముందు హౌసింగ్ బయటంతా తుడువు. గాలి లోపలి నుంచి బయటికి కొట్టాలి, గాలి ఒత్తిడి 30 పీఎస్ఐ దాటకూడదు. ఎక్కువ పెడితే కాగితం చిల్లు పడుతుంది, కంటికి కనపడదు. అందుకే లోపల బల్బు పెట్టి చీకట్లో చూడు. చుక్కలా వెలుగు కనపడితే పారేయ్. నేలకేసి కొట్టకూడదు, అంచు వంగి సీల్ పోతుంది. లోపలి చిన్న ఎలిమెంట్ కడగొద్దు, గాలీ కొట్టొద్దు, మార్చడమే.

గన్నవరం శ్రోత: ఫిల్టర్ కొత్తదైనా ఆయిల్ తాగే బండ్లు ఉంటున్నాయి సాబ్.

సుబేదార్: ఫిల్టర్‌కీ ఇంజిన్‌కీ మధ్య గొట్టం చూడు. క్లాంప్ వదులైనా, గొట్టం చీలినా వడకట్టని దుమ్ము నేరుగా పోయి పిస్టన్ రింగులు అరిగిపోతాయి. గొట్టం లోపల వేలితో తుడిస్తే దుమ్ము అంటిందంటే కారణం అదే. రేడియేటర్‌కి గాలి ఫ్యాన్ వైపు నుంచి ముందుకి కొట్టు, ఎదురు నుంచి కొడితే దుమ్ము రెక్కల్లో ఇంకా బిగుసుకుంటుంది. డ్రమ్ము నుంచి డీజిల్ పోస్తే అడుగు తేరుకోనిచ్చి, జాలీ ఉన్న గరాటుతో పోయి. డీజిల్‌లో నీళ్లని వేరుచేసే వాటర్ సెపరేటర్ పొద్దున్నే డ్రెయిన్ చెయ్యి. కాన్వాయ్‌లో లైట్లు వేసి, ముందు బండి దుమ్ము దిగేంత ఎడం ఉంచు.

ప్రయోక్త: గుంటూరు నుంచి అడుగుతున్నారు, ఫోన్ ఏ వేళకి చేయాలని.

సుబేదార్: మనకన్నా మూడున్నర గంటలు వెనక. మనకి రాత్రి 9 అంటే అక్కడ సాయంత్రం ఐదున్నర. ఎక్కడున్నాడో, ఎప్పుడు కదులుతున్నాడో ఫ్యామిలీ గ్రూపుల్లో రాయకండమ్మా.

ప్రయోక్త: నరసరావుపేట నుంచి. చెప్పండమ్మా.

నరసరావుపేట శ్రోత: మా ఆయన అక్కడి నుంచి వచ్చి మూడు వారాలైందండీ. నిన్నటి నుంచి చలిజ్వరం. వైరల్ అయ్యుంటుందని పారాసిటమాల్ వేశాం.

డాక్టర్: ఇంటికొచ్చాక మాత్రలు వేసుకున్నారా?

నరసరావుపేట శ్రోత: లేదండీ, వచ్చిన రోజే ఆపేశారు.

డాక్టర్: అమ్మా, ఇప్పుడే ఆసుపత్రికి బయలుదేరండి, రేపటిదాకా ఆగకండి. అక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపారమ్ అనే ప్రమాదకరమైన రకం మలేరియా. ఆలస్యమైతే ఒకటి రెండు రోజుల్లో మెదడుకి, కిడ్నీలకి పాకుతుంది. డాక్టర్‌తో మొట్టమొదటి మాటే దక్షిణ సూడాన్ నుంచి వచ్చారని చెప్పండి, లేకపోతే ఇక్కడి జ్వరాల లెక్కలో చూస్తారు. రక్తం స్మియర్ (చుక్క రక్తం గాజు పలక మీద పూసి మైక్రోస్కోప్‌లో చూసేది), ర్యాపిడ్ టెస్ట్ రెండూ అడగండి. మొదటిసారి ఏమీ లేదని వచ్చినా 12 నుంచి 24 గంటల్లో మళ్లీ చేయించాలి, మొత్తం మూడుసార్లు. ఆపేసిన మాత్రల షీట్ కూడా తీసుకెళ్లండి. తోడు ఎవరైనా ఉన్నారా?

నరసరావుపేట శ్రోత: మా మరిది ఉన్నాడండీ, ఆటో పిలుస్తాడు.

డాక్టర్: ఫోన్ పెట్టేసి బయలుదేరండమ్మా.