నీటి పోగులు కనబడాలి

అందరికీ నమస్కారం. వానలు పడగానే మీలో చాలామంది కెమెరా భుజాన వేసుకుని కుంటాల జలపాతానికో, బొగత జలపాతానికో బయల్దేరతారు. అందుకని నేరుగా సెట్టింగుల్లోకి వెళ్తాను.

పాలు జారుతున్నట్టుండే ఫొటో ఎలా తీయాలని అందరూ అడుగుతారు. ట్రైపాడ్ వేసి, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే తీరు) 100 పెట్టి, షట్టర్ స్పీడు తగ్గిస్తే, అంటే షట్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచితే అది వచ్చేస్తుంది. ఎంత తగ్గించాలన్నదే అసలు సంగతి. కుంటాలలో కడెం వాగు సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి మెట్లు మెట్లుగా దూకుతుంది. మొదట్లో నేను అక్కడ పది సెకన్లు పెట్టేవాణ్ణి. నీళ్ళు దూదిముద్దలా వచ్చేవి, ఆ దూకుడు ఎక్కడా కనబడేది కాదు. ఇప్పుడు అర సెకనుతో మొదలుపెడతాను. నీరు పోగులు పోగులుగా విడిపోయి కనిపిస్తుంది. వరద జోరుగా ఉంటే సెకనులో ఎనిమిదో వంతు చాలు. సన్నటి ధారకైతే ఒక సెకను ఇవ్వొచ్చు.

పగటి వెలుగులో అర సెకనంటే ఫొటో తెల్లగా మాడిపోతుంది. అలాగని లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసే ఎఫ్22కి పోకండి, డిఫ్రాక్షన్ (సన్నటి రంధ్రంలోంచి వెలుగు చెదరడం) వల్ల రాళ్ళ గరుకుదనం పోతుంది. ఎఫ్8, ఎఫ్11 దగ్గరే ఉండి లెన్స్ ముందు ఆరు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగుని తగ్గించే నల్లద్దం; ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది) పెట్టండి. అది వెలుగుని 64వ వంతుకి తగ్గిస్తుంది. సెకనులో 125వ వంతు కావలసిన చోట అర సెకను దొరుకుతుంది. ఒక్క ఫిల్టరే కొనగలిగితే మాత్రం పోలరైజర్ కొనమంటాను. తడి రాళ్ళ మీద, ఆకుల మీద మెరుపు తగ్గి వాటి అసలు రంగు బయటపడుతుంది. ఆ మెరుపు కింద దాగిన రంగుని తర్వాత ఎడిటింగ్‌లో తేలేం. లెన్స్ మీద తుంపర తుడవడానికి రెండు పొడి గుడ్డలు ఉంచుకోండి.

ఫైలు రా ఫార్మాట్‌లోనే (కెమెరా పట్టుకున్న వివరమంతా ఉండే ఫైలు) తీయండి. నురగలో తెలుపు ఒకసారి మాడితే తిరిగి రాదు కాబట్టి ఎక్స్‌పోజర్ కాస్త తక్కువగానే ఉంచండి. ఇంటికొచ్చాక ఎడిటింగ్‌లో హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) కొంచెం దించి, నీడలు కొంచెం ఎత్తితే చాలు. గరుకుదనాన్ని ఎత్తిచూపే క్లారిటీ రాళ్ళకే ఇవ్వండి, నీటికి ఇస్తే గరుకుగా తయారవుతుంది. చెట్ల నీడలో నీలం ఎక్కితే వైట్ బ్యాలెన్స్ (ఫొటో మొత్తం రంగుని సరిదిద్దే సెట్టింగ్) వెచ్చటి వైపు, అంటే పసుపు వైపు జరపండి.

నదుల విషయంలో నాకు బాధ కలిగించేది ఒకటుంది. వరద గోదావరిని కొందరు నీలంగా మార్చేస్తున్నారు. శ్రావణంలో రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్ల మీద నిలబడ్డవాళ్ళకి ఆ ఎర్రనీరు తెలుసు. ఎగువ నుంచి మోసుకొచ్చిన మట్టి రంగు అది. దయచేసి దాన్ని చెరపకండి.

ఇప్పుడు కుంటాలలో ఒకే రాయి దగ్గర మూడు స్పీడుల్లో తీసిన ఫొటోలు తెర మీద వేస్తాను. ఏది ఎంత సెకనో మీరే చెప్పండి.