చామ మడిలో బడి

ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

హవాయి అనగానే మనకు సముద్రం, పూలదండలు గుర్తొస్తాయి. నేను బడి సంగతి మాట్లాడతాను. 19వ శతాబ్దంలో ఆ దీవుల పిల్లలు సొంత భాషలోనే చదువుకున్నారు. 1834 నుంచే ఆ భాషలో పత్రికలు వచ్చాయి. 1893లో రాణి లిలియువోకలానిని గద్దె దించారు. మూడేళ్లకే, 1896లో, బోధనంతా ఇంగ్లీషులోనే జరగాలని చట్టం తెచ్చారు. బడిలో సొంత మాట మాట్లాడిన పిల్లలు దెబ్బలు తిన్నారు. అది చూసి ఇళ్లలో పెద్దలే ఆ మాట మానుకున్నారు. 1980ల మొదటికి ఆ భాష ధారాళంగా వచ్చిన పిల్లలు యాభైకి లోపేనని ఆహా పూనానా లియో సంస్థ లెక్క. వాళ్లలోనూ ఎక్కువమంది నీహావు అనే చిన్న దీవి వాళ్లే.

ఆ సంస్థను 1983లో కొందరు హవాయి భాషా ఉపాధ్యాయులు పెట్టారు. న్యూజిలాండ్ మావోరీల శిశు బడులు వాళ్లకు దారి చూపాయి. మరుసటి ఏడాదే కవాయి దీవిలోని కెకాహాలో తొలి శిశు బడి తెరిచారు. అప్పటికి పాత నిషేధం పోలేదు. తల్లిదండ్రులు చట్టసభ చుట్టూ తిరిగి తిరిగి 1986లో దాన్ని మార్పించారు. 1987లో ప్రభుత్వ బడుల్లోనూ హవాయి మాధ్యమం వచ్చింది. 1978లోనే రాజ్యాంగం ఆ భాషకు అధికార హోదా ఇచ్చింది కదా అంటారేమో. హోదా వచ్చింది గానీ పిల్లల నోటికి మాట రాలేదు. ముందు బడి లేచింది, తర్వాతే చట్టం కదిలింది.

2000లో వైమేయా ఊళ్లో కను ఓ కా ఆయినా వంటి చార్టర్ బడులు, అంటే ప్రభుత్వ డబ్బుతో నడుస్తూ పాఠాలు సొంతంగా నిర్ణయించుకునే బడులు, మొదలయ్యాయి. వీటిలో సంస్కృతే పాఠ్యప్రణాళిక. మన బడుల్లో సంస్కృతి అంటే వార్షికోత్సవం నాటి డాన్సు. అక్కడ మడిలో దిగాలి. చామ మడిలో! మనం పులుసు పెట్టుకునే చామదుంపే, వాళ్లు కలో అంటారు. వాళ్ల పురాణంలో ఆకాశ దేవుడు వకేయా. అతని తొలి బిడ్డ పుట్టగానే పోతే, పాతిపెట్టిన చోట చామ మొలిచిందట. తర్వాత పుట్టిన తమ్ముడి సంతతే మనుషులట. అంటే చామ ఇంటికి పెద్దన్న. దుంప ఉడికించి దంచిన ముద్దను ‘పోయి’ అంటారు. ఆ గిన్నె మూత తీశాక ఎవరూ తగువులాడకూడదు. అన్నగారు ఎదురుగా ఉన్నాడు మరి!

పిల్లలు ‘ఓలి’ అనే సంప్రదాయ గానం పాడి మడిలోకి రానివ్వమని అడుగుతారు. అవతలివాళ్లు పాడి జవాబిచ్చాకే అడుగు పెడతారు. తర్వాతంతా బురదే. వాగు నీళ్లు కాలవలో మళ్లించి, మడి తడిపి, తిరిగి వాగులోకే వదలాలి. నీరు కదలక వేడెక్కితే దుంప కుళ్లుతుంది. ఎంత పారుతోంది, ఎంత వెచ్చగా ఉంది అని కొలిస్తే సైన్సూ లెక్కలూ ఒకేచోట. దుంప కోసి, పైకాడను మళ్లీ నాటుతారు. చేతికి రావడానికి దాదాపు ఏడాది. మన యూనిట్ టెస్టుల క్యాలెండరుకు ఇది బొత్తిగా లొంగదు, నాకు నచ్చిందీ అదే.

చిక్కంతా పంతుళ్లు దొరకకపోవడమే. లానాయి దీవిలో హవాయి మాధ్యమం లేదని ఒక తల్లి కోర్టుకెక్కితే, అది అందించడానికి ప్రభుత్వం తగిన ప్రయత్నం చేసి తీరాలని 2019లో రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. కానీ తీర్పు పంతుల్ని పుట్టించదు. 1943లో మన ఆదిలాబాద్ ప్రాంతంలోని మార్లవాయిలో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ గోండు యువకులను పంతుళ్లుగా తయారుచేయడానికి కేంద్రం పెట్టింది ఈ అవసరం తెలిసే. హవాయిలో ఆ పని హిలో ఊళ్లోని హవాయి విశ్వవిద్యాలయం చేస్తోంది. అక్కడ హవాయి భాషలోనే ఉపాధ్యాయ శిక్షణ ఇస్తారు.