కాపర్ సల్ఫేట్ మాగ్నెటిక్ మూమెంట్: డయామాగ్నెటిక్ కరెక్షన్ కలపాల్నా, తీసెయ్యాల్నా?

నమస్తే అందరికి. ఇయ్యాల గూయ్ బ్యాలెన్స్, అంటే అయస్కాంతం నడుమ పదార్థం బరువు ఎంత మారుతదో చూపించే త్రాసు. నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి ఎమ్మెస్సీ పిల్లలు ప్రాక్టికల్స్ ముంగట అడిగేది ఒక్కటే ప్రశ్న, "సర్, కరెక్షన్ కలపాల్నా, తీసెయ్యాల్నా?" అదే చూద్దాం, లెక్కతోటి సహా.

థియరీ జల్ది అయిపోగొడ్త. జతకట్టిన ఎలక్ట్రాన్లు అయస్కాంత ఫీల్డ్‌కు ఎదురు తిరుగుతయి. అది డయామాగ్నెటిజం, పొట్టిగ డయా. కై విలువ (ససెప్టిబిలిటీ, ఫీల్డ్‌కు పదార్థం ఎంత స్పందిస్తదో చెప్పే సంఖ్య) మైనస్ల ఉంటది, టెంపరేచర్ మారినా అది పెద్దగ మారదు. ఒంటరి ఎలక్ట్రాన్ ఉంటే ఫీల్డ్ దిక్కు మళ్లుతది. అది పారామాగ్నెటిజం, పొట్టిగ పారా, కై ప్లస్, వేడి పెరిగితే తగ్గుతది. ఇంతే. కాని ఒకటి గుర్తువెట్టుకోండి, డయా ప్రతి పదార్థంల ఉంటది. పారా పదార్థంల కూడ ఉంటది. కాపర్ టూ ప్లస్‌ల ఒంటరిది ఒక్కటే ఎలక్ట్రాన్. దాని తక్కిన ఎలక్ట్రాన్లు, సల్ఫేట్‌వి, ఐదు నీటి అణువులవి, అన్నీ జతలే. బ్యాలెన్స్ మనకు చూపించేది ఈ రెండిటి మొత్తం.

సరే, ట్యూబ్. ఇగో చూడండి, ఖాళీ ట్యూబ్ వేలాడదీసిన. అడుగు భాగం సరిగ్గ పోల్స్ నడుమకు రావాలె, పైభాగం ఫీల్డ్ బయట ఉండాలె. ఫ్యాన్ బంద్ చెయ్యండి, లేకుంటే రీడింగ్ నిలవదు. ఫీల్డ్ లేకుండ ఒక రీడింగ్, ఫీల్డ్ ఆన్ చేసి ఒక రీడింగ్. బరువు తగ్గింది, చూసిండ్రా? పైరెక్స్ గాజు డయామాగ్నెటిక్ కదా, ఫీల్డ్ దాన్ని బయటికి నెడుతున్నది.

ఇప్పుడు పొడి. మంచిగ నూరుకోవాలె, కొంచెం కొంచెం పోస్తూ ప్రతిసారి ఒక్కతీరుగ తట్టాలె, గుర్తు దాకా నింపాలె. స్టీల్ స్పాచులా వద్దు, ప్లాస్టిక్‌ది వాడండి. ఇనుప రజను ఇంత పడ్డా చాలు, రీడింగ్ ఖరాబైతది. అనుమానముంటే ఫీల్డ్ కరెంట్ మార్చి మళ్ల తీసి చూడండి. ఒక్కో ఫీల్డ్‌కు ఒక్కో కై వస్తే ఇనుము కలిసినట్టే. ఇంకొకటి, మన దిక్కు ఏప్రిల్, మే నెలల్ల గాలి ఎండిపోయి ఉంటది, కాపర్ సల్ఫేట్ పలుకుల అంచులు తెల్లబడ్తయి. అంటే నీళ్లు పోయినయి, మీరేసే 249.7 మోలార్ మాస్ ఇగ చెల్లదు. నీలంగ ఉన్న పలుకులే ఏరి నూరండి.

నింపినాక రీడింగ్. ఖాళీ ట్యూబ్ 2 మిల్లీగ్రాములు తగ్గింది, నిండిన ట్యూబ్ 18 పెరిగింది అనుకుందాం. పొడి మీద పడ్డ లాగుడు ఎంత? 16 కాదు, 18 కూడ కాదు, 20. 18లకెళ్లి మైనస్ 2ను తీసేస్తే 20. గాజు పైకి నెడుతుంటే కూడ పొడి ట్యూబ్‌ను 18 కిందికి గుంజింది. ఈ 20ని యాదుంచుకోండి, ఇదే ముచ్చట మళ్ల వస్తది.

కాలిబ్రేషన్‌కు, అంటే కై ముందే తెలిసిన పొడితోటి బ్యాలెన్స్‌ను సరిచూసుకునేటందుకు, మెర్క్యురీ టెట్రాథయోసయనేటో కోబాల్టేట్, అదే నీలం పొడి. పాదరసముంది, గ్లౌజులు వేసుకోండి, మిగిలింది సింక్‌ల పొయ్యొద్దు. దీని గ్రామ్ ససెప్టిబిలిటీ, అంటే ఒక్క గ్రాముకు కై, సీజీఎస్ (సెంటీమీటర్, గ్రామ్, సెకండ్) యూనిట్లల్ల 16.44 ఇంటూ టెన్ పవర్ మైనస్ సిక్స్, కాని అది 20 డిగ్రీల దగ్గర. ల్యాబ్‌ల ఎండకాలం 20 ఎక్కడుంటది? డిగ్రీకి 0.05 చొప్పున తగ్గించాలె. 35 డిగ్రీలైతే దాదాపు 15.7. ఇది మరిస్తే కైల 5 శాతం దాకా తేడా. రీడింగ్ నుంచి కై తీసే ఫార్ములాల ఆ 0.029 ఏంది అంటరు, అది గాలి లెక్క. ఖాళీ ట్యూబ్‌ల ఆక్సిజన్ ఉంటది, ఆక్సిజన్ పారామాగ్నెటిక్. ట్యూబ్ వాల్యూమ్‌తోటి గుణించి వేస్తే సరి.

ఇప్పుడు అసలు కథ. మెల్లగ పోదాం. ఈ లెక్కకు పట్టికల్ల ఉన్న విలువే తీసుకుంటున్న, 293 కెల్విన్ దగ్గర కాపర్ సల్ఫేట్ పెంటాహైడ్రేట్ మోలార్ కై, అంటే ఒక్క మోల్‌కు కై, 1460. టెన్ పవర్ మైనస్ సిక్స్ ప్రతిసారి అనను, ఉన్నట్టే అనుకోండి. పాస్కల్ కాన్‌స్టంట్స్, అంటే ఒక్కో అయాన్‌కు, అణువుకు పట్టికల్ల ఇచ్చిన డయా వాటాలు: కాపర్ అయాన్ మైనస్ 12.8, సల్ఫేట్ మైనస్ 40.1, నీళ్లు ఒక్కోటి మైనస్ 13, ఐదుకు మైనస్ 65. మొత్తం మైనస్ 118. నీళ్ల వాటానే సగం కంటె ఎక్కువ, పిల్లలు మరిచేది కూడ దాన్నే.

మనకు కావల్సింది పారా ఒక్కటే. కొలిచింది 1460, అండ్ల డయా మైనస్ 118. తీసెయ్యాలె. మైనస్‌ను తీసేస్తే ప్లస్. 1578. ట్యూబ్ దగ్గర 18 కాస్త 20 అయింది సూడు, అదే ఇది. గాజు బదులు ఈడ లోపలి జతలు.

మ్యూ ఎఫెక్టివ్, అంటే మనకు కావల్సిన మాగ్నెటిక్ మూమెంట్, 2.828 ఇంటూ రూట్ కై టీ. టీ అంటే కెల్విన్‌ల టెంపరేచర్. నేనైతే క్యాలిక్యులేటర్‌ల పవర్లు కొట్టను, 1578 ఇంటూ 293కు రూట్ తీసి, 2.828తోటి గుణించి, ఆఖర్ల వెయ్యితోటి భాగిస్త. 1.92 బోర్ మాగ్నెటాన్, మాగ్నెటిక్ మూమెంట్‌కు యూనిట్ అది.

కరెక్షన్ వెయ్యకుంటే? 1.85. గుర్తు తప్పేసి 118 తగ్గిస్తే? 1342, దానికి 1.77. పుస్తకంల స్పిన్ ఓన్లీ విలువ, అంటే ఎలక్ట్రాన్ స్పిన్ ఒక్కటే లెక్కేస్తే వచ్చేది, ఎంత? 1.73. చూసిండ్రా మోసం! తప్పు గుర్తు వేస్తే జవాబు పుస్తకానికి ఇంకా దగ్గరికొస్తది. పిల్లగాడు ఖుషీగ రికార్డ్‌ల రాస్తడు, పక్కోడు 1.92 రాసి తనదే తప్పేమో అని కొట్టేస్తడు. కాపర్ టూ ప్లస్‌కు స్పిన్ ఆర్బిట్ కప్లింగ్, అంటే ఎలక్ట్రాన్ స్పిన్‌కు, దాని కక్ష్య కదలికకు నడుమ లంకె ఉంటది, అందుకే 1.73 కంటె ఎక్కువే వస్తది, మామూలుగ 1.7 నుంచి 2.2 నడుమ. 1.92 మంచి విలువ. కొట్టెయ్యకుండ్రి.

కరెక్షన్ మొత్తం చూసుకునేటందుకు ఒక అడ్డదారి: మోలార్ మాస్‌ల సగం, మైనస్ పెట్టి. 249.7ల సగం దాదాపు 125. మనకు 118 వచ్చింది. 12 అనో 1180 అనో వస్తే ఎక్కడో దశాంశం జారింది. చిన్న లవణాలకు ఇది నడుస్తది. పెద్ద పెద్ద లైగాండ్లు (లోహానికి అతుక్కునే అణువులు, అయాన్లు) ఉన్న కాంప్లెక్స్‌లకు దీన్ని నమ్మొద్దు, దొరికితే అదే లైగాండ్‌తోటి జింక్ కాంప్లెక్స్ చేసి, దాని కై కొలిచి వాడుకోండి. జింక్ టూ ప్లస్‌ల ఒంటరి ఎలక్ట్రాన్ లేదు కదా, వచ్చేదంతా డయానే.

ఎస్ఐ యూనిట్లల్ల అడిగితే మోలార్ కైని 4 పై ఇంటూ టెన్ పవర్ మైనస్ సిక్స్‌తోటి గుణించండి, ఘనపు మీటర్లల్ల వస్తది. అప్పుడు మాత్రం 2.828 పనికిరాదు, 797.8 వెయ్యాలె.