సందుకు అడ్డంగా లేచిన రేకుల కంచె

నమస్కారమండీ. ఇవాళ చెన్నై ట్రిప్లికేన్ నుంచి మాట్లాడుతున్నాను. నా వెనక కనిపిస్తున్నది మా పెద్దమ్మ ఇల్లు. పార్థసారథి స్వామి గుడి గంట కొడితే ఇక్కడ అరుగు మీదికి వినిపిస్తుంది. ఆ పక్కన పచ్చ రేకులు చూస్తున్నారు కదా, ఇవాళ్టి గొడవంతా దాని గురించే.

ఈ ఇంటికీ పక్కింటికీ మధ్య మూడున్నర అడుగుల సందు. వెనక బావి దగ్గరికి రెండిళ్ళ వాళ్ళూ అందులోంచే వెళ్తారు. పెద్దమ్మ 1974లో కాపురానికి వచ్చేనాటికే ఆ వాడుక ఉంది. పోయిన నెల మేమంతా పెళ్ళికని నెల్లూరు వెళ్ళి వచ్చేసరికి, సందు మొదట్లో ఇనుప యాంగిల్స్ పాతి, ఏడడుగుల ఎత్తున రేకులు బిగించేశారు.

పక్కింటి వాళ్ళూ తెలుగువాళ్ళే. ఆ అబ్బాయిని పిలిచి అడిగితే, "పిన్నిగారూ, రాత్రిళ్ళు తాగొచ్చి సందులో పడుకుంటున్నారు. బండిలో పెట్రోలు తీసేస్తున్నారు. ఆడపిల్ల ఉన్న ఇల్లు, నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు. నిజమే. ఆ సీసాలు నేనూ ఏరి పారేశాను. ఆయన టెన్షన్ ఆయనది. పెద్దమ్మ ఒకటే అంది: "కంచె వద్దన్నానా నాయనా? నాకొక మాట చెప్పి వేస్తే నీ సొమ్మేం పోయింది?"

నేను పెద్దమ్మ పక్షమే. అయితే బంధుత్వం కొద్దీ కాదు. గోడ మొదట్లో ఒకసారి కెమెరా పెడతాను, చూడండి. యాంగిల్ కోసం గుంట తవ్వింది సరిగ్గా మా గోడ పాదం దగ్గర. గుంట నిండా సిమెంటు పోసి, మిగిలింది గోడకే మెత్తేశారు. ఇది ఇటుకా సున్నంతో కట్టిన గోడ. సున్నం గోడ తడి పీలుస్తుంది, ఎండ కాసినప్పుడు వదిలేస్తుంది. దానికి ఆనించి సిమెంటు పోస్తే తడికి బయటికి దారి ఉండదు, పైకి ఎక్కుతుంది. ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పటికి ఈ పూత పొక్కులు లేచి రాలిపోతుంది. దీని పైకప్పు మద్రాసు టెర్రస్, అంటే టేకు దూలాల మీద సన్న ఇటుకలు నిలబెట్టి సున్నంతో కూర్చినది. గోడలోకి తడి పాకితే ఆ దూలాల కొనలు కూడా మెత్తబడతాయి. ఒక్క కంచె గుంట ఇంటి నడుముదాకా వెళ్తుందని నాకూ మేస్త్రి చెప్పేదాకా తెలియలేదు.

ఈ పేట చిన్నదేం కాదండీ. గుడిలో పల్లవుల కాలం నాటి శాసనం ఉంది. 1676లో ఇంగ్లీషువాళ్ళు ఈ పేటను గోల్కొండ నుంచి పొందారు. ఇంత పాత చోటికి ప్రభుత్వ కాపలా ఉంటుందని అనుకుంటాం. సెయింట్ జార్జి కోటలాంటి కేంద్ర రక్షిత కట్టడమైతే హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్లు అనుమతి తప్పనిసరి. తమిళనాడులో 2012లో వారసత్వ కమిషన్ చట్టం కూడా చేశారు. కానీ అరుగూ మండువా ఉన్న మామూలు వరుస ఇల్లు ఏ జాబితాలో చేరుతుంది? ఇలాంటి వీధిని ఇన్నాళ్ళూ కాపాడింది ఇరుగుపొరుగు మధ్య ఉన్న మాటే. నాకు బాధ కలిగిందీ అక్కడే.

సరే, దస్తావేజు తీశాం. పెద్దమ్మ ట్రంకు పెట్టెలో, పట్టుచీరల అడుగున ఉంది. చెక్కుబందీలో ఉత్తరం హద్దు దగ్గర ఆ అబ్బాయి తాతగారి పేరు, పక్కనే తమిళంలో 'పొదుసందు' అని ఉంది. అంటే ఉమ్మడి సందు. ఆ కాగితం చేతికిస్తే ఆ అబ్బాయి తాతగారి పేరు మీద వేలు పెట్టి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వాళ్ళింటి దస్తావేజులో దక్షిణం హద్దుగా మా పెదనాన్న తండ్రి పేరు ఉంటుంది.

మీ ఇంట్లో ఇలాంటి తగాదా ఉంటే ఒక సంగతి గట్టిగా చెప్తాను. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం, అంటే పక్కవాళ్ళ స్థలం మీద ఉండే వాడుక హక్కుల చట్టం ప్రకారం దారి, గాలి, వెలుతురు 20 ఏళ్ళు అడ్డు లేకుండా, బాహాటంగా, హక్కుగా అనుభవిస్తే అది హక్కు అవుతుంది. కానీ అడ్డు పెట్టారని తెలిసి కూడా ఏడాది పాటు ఒప్పుకుని ఊరుకుంటే ఆ 20 ఏళ్ళ లెక్క తెగిపోవచ్చు. కాబట్టి 'పోనీలే, చుట్టుపక్కల వాళ్ళు' అని మౌనంగా ఉండకండి. అభ్యంతరం కాగితం మీద రాసి, రిజిస్ట్రేషన్ పెట్టి స్పీడ్ పోస్టులో పంపండి. కోపం వచ్చిందని రేకులు మీరే పీకెయ్యకండి, కేసు మీ మీదికి తిరుగుతుంది. చెన్నైలో అయితే టౌన్ సర్వే ల్యాండ్ రిజిస్టర్, అంటే పట్నంలో స్థలాల వివరాలు ఉండే సర్కారు రికార్డు, నకలు తీసుకుని, సర్వేయరు కొలతకు దరఖాస్తు పెట్టండి. కోర్టుకు వెళ్ళక ముందే లోక్ అదాలత్‌కు వెళ్ళొచ్చు. అక్కడ ఇద్దరూ ఒప్పుకుని తీర్పు రాయించుకుంటే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు.

మేం ఉత్తరం పంపాం. కొలతకు దరఖాస్తూ పెట్టాం. మొన్న ఆదివారం ఆ అబ్బాయే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. రేకులు తీసేసి, గాలి ఆడే ఇనుప గ్రిల్లు తలుపు పెడదామన్నాడు. తాళం చెవులు రెండు, ఇంటికొకటి. స్తంభాలు గోడకు అడుగు దూరంలో నిలబెట్టాలని మేస్త్రి అన్నాడు, అలా పెడితే బండి పట్టదని ఆ అబ్బాయి అంటున్నాడు. పెద్దమ్మ మాత్రం, "ముందు నా గోడకు మెత్తిన సిమెంటు చెక్కించు, బండి సంగతి తర్వాత చూద్దాం" అంది. మేస్త్రి రేపు పొద్దున్న ఉలి పట్టుకుని వస్తున్నాడు.