ఆర్.ఎ.బి. ఎవరు? పిల్లల పుస్తకాల మీద శనివారం ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి, బరంపురం... ఎక్కడినుంచి వింటున్నా మీకు స్వాగతం. పిల్లల చదువు గురించి ఏదైనా అడగొచ్చు. మాట్లాడేది తెలుగులోనే, మధ్యలో ఒడియా మాట దొర్లితే దొర్లనివ్వండి. మొదటి కాల్ అప్పుడే వచ్చేసింది. హలో, ఎవరండీ?

తల్లి: నమస్తే మేడమ్, గుణుపురం నుంచి. మా బాబు ఎనిమిదో క్లాసు. వాడి గురించే నాకు టెన్షన్.

వ్యాఖ్యాత: అమ్మా, వెనక రేడియో సౌండ్ కాస్త తగ్గించండి. ఆఁ, ఇప్పుడు చెప్పండి.

తల్లి: వాళ్ళ పిన్ని ఇంటినుంచి హ్యారీ పాటర్ పుస్తకాలు ఆరు తెచ్చుకున్నాడు. ఏడోది దొరకలేదు. ఆరోది అయిపోయి నెల దాటింది. దాని చివర్లో ఒక లాకెట్లో చీటీ దొరుకుతుందట, కింద ఆర్.ఎ.బి. అని మూడు అక్షరాలే ఉంటాయట. అప్పటినుంచి ఒకటే గొడవ, ఆర్.ఎ.బి. అంటే ఎవరు అని. అన్నం తింటూ అదే, స్కూల్‌కి తయారవుతూ అదే. లెక్కల నోట్సు వెనక పేజీలన్నీ ఆ పేర్లే. మా మరిదిగారి అమ్మాయి మొత్తం చదివేసింది, "ఎవరో చెప్పేస్తాను, నీ పీడా వదులుతుంది" అంది. వీడు చెవులు మూసుకుని బయటికి పరిగెత్తాడు. చెప్పించేస్తే మళ్ళీ చదువులో పడతాడా అని అడుగుదామని.

వ్యాఖ్యాత: చెప్పించకండమ్మా. దయచేసి చెప్పించకండి. ఎందుకో చెప్తాను, ముందు ఆ నోట్సు మీ దగ్గరుందా?

తల్లి: చేతిలోనే ఉంది.

వ్యాఖ్యాత: పేజీలో ఏముందో ఉన్నది ఉన్నట్టు చదవండి.

తల్లి: ఒక పేజీలో అన్నీ ఆర్‌తో ఉన్నాయి. రిడిల్, రోజియర్, రూక్‌వుడ్, రావెన్‌క్లా. అన్నిటి మీదా అడ్డంగా కొట్టేశాడు. కింద ఎర్ర పెన్నుతో "ఇంటిపేరు చివర!" అని రాసి రెండు గీతలు గీశాడు. పక్క పేజీలో బీతో ఉన్నాయి. బోన్స్, బోర్గిన్, బర్క్, బ్యాగ్‌మన్, బ్లాక్.

వ్యాఖ్యాత: "ఇంటిపేరు చివర" అని రాశాడా! బాబు పక్కనే ఉంటే ఒక్కసారి ఫోనివ్వండి.

బాబు: నమస్తే మేడమ్.

వ్యాఖ్యాత: నమస్తే నాన్నా. ఆర్ పేర్లన్నీ ఎందుకు కొట్టేశావు?

బాబు: మా తాతయ్య పేరు ముందు మా ఇంటిపేరు అక్షరం ఉంటుంది. అందుకని ఆర్ అంటే ఇంటిపేరు అనుకున్నాను. తర్వాత స్కూల్లో అటెండెన్సు పిలుస్తుంటే చూశాను, ఒడియా ఫ్రెండ్స్ అందరికీ పాత్రో, సాహు, పాణిగ్రాహి చివర ఉంటాయి. ఇంగ్లీషు పేర్లు కూడా అంతే కదా. మరి ఇంటిపేరు బీ అవ్వాలి.

వ్యాఖ్యాత: విన్నారామ్మా? తెలుగువాళ్ళకి ఇంటిపేరు ముందుంటుంది, ఒడియావాళ్ళకి చివరుంటుంది. రెండు భాషల మధ్య పెరిగే పిల్లాడు అటెండెన్సు రిజిస్టర్లోంచి ఈ ముడి విప్పుకున్నాడు. నాన్నా, నీకు ఎవరి మీదైనా అనుమానం ఉందా? పేరు మాత్రం చెప్పకు. కారణాలు చెప్పు.

బాబు: ఉంది మేడమ్. ఆ లాకెట్లో దొరికిన చీటీ ఉంది కదా. అది రాసినవాడు, నువ్వు దీన్ని చదివేలోపే నేను ఎప్పుడో చచ్చిపోయి ఉంటాను అని రాశాడు. అంటే ఇప్పుడు బతికున్నవాళ్ళు కాకూడదు.

వ్యాఖ్యాత: అది ఒకటి. చీటీ ఎవరికి రాశాడు? మొదటి లైను చూడు.

బాబు: డార్క్ లార్డ్‌కి అని ఉంది. అంటే వోల్డెమార్ట్, ఆ కథలో విలన్.

వ్యాఖ్యాత: ఆ పుస్తకాల్లో మామూలు జనం అతన్ని అలా పిలుస్తారా?

బాబు: లేదు... పేరు చెప్పకూడని వాడు అంటారు. హ్యారీ, వాళ్ళ హెడ్‌మాస్టర్ డంబుల్‌డోర్ అయితే పేరే పెట్టి పిలుస్తారు. డార్క్ లార్డ్ అనేది... ఆగండి మేడమ్. ఐదో పుస్తకంలో హ్యారీ వాళ్ళ మాస్టారు స్నేప్‌ని అడుగుతాడు! అలా పిలిచేది అతని మనుషులే కదా, మీరెందుకు అంటున్నారు అని. అంటే చీటీ రాసింది లోపలివాడే!

వ్యాఖ్యాత: నేను అవునూ అనను, కాదూ అనను. పేజీ నంబరుతో రాసి పెట్టుకో. ఇప్పుడు ఒకటి అడుగుతాను, బాగా ఆలోచించి చెప్పు. మధ్యలో ఏ అక్షరం ఉంది కదా, నువ్వనుకున్న మనిషికి ఆ ఏ ఎక్కడైనా దొరికిందా?

బాబు: ...దొరకలేదు.

వ్యాఖ్యాత: అయితే అక్కడ ఖాళీ వదిలేయ్. "దొరకలేదు" అని రాయి. ఏదో ఒక పేరు తెచ్చి అందులో ఇరికించకు. ఇంకో పేజీ తీసి, ఏం కనిపిస్తే నీ అనుమానం తప్పని ఒప్పుకుంటావో అది రాయి. ఆ పేజీ లేకపోతే నీకు కావాల్సినవే కనిపిస్తాయి, అడ్డొచ్చేవి కనపడవు. ఫోన్లో మాత్రం వెతకొద్దు. మూడక్షరాలు కొట్టగానే జవాబు ముందుకొచ్చి పడుతుంది. సరేనా? అమ్మకివ్వు.

తల్లి: చెప్పండి మేడమ్.

వ్యాఖ్యాత: అమ్మా, లెక్కల నోట్సు లెక్కలకే ఉండనివ్వండి, దీనికి వేరే లాంగ్ నోట్‌బుక్ కొనివ్వండి. హోంవర్క్ అయ్యాక అరగంట దీనిది. ఆ అరగంట మాత్రం కదపకండి. వాడు ఐదో పుస్తకానికి వెనక్కి వెళ్ళి ఒక్క మాట ఎవరెవరు వాడారో గుర్తు తెచ్చుకున్నాడు, చూశారుగా. సైన్సులో అడిగేదీ, చరిత్రలో అడిగేదీ ఈ పనే. ఇక ఆ అమ్మాయి సంగతి. ఆరో పుస్తకం 2005 జులై 16న వచ్చింది, ఏడోది 2007 జులై 21న. ప్రపంచంలో చదివినవాళ్ళంతా రెండేళ్ళు ఈ మూడు అక్షరాలతో తలలు బద్దలు కొట్టుకున్నారు. అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. ఆరో పుస్తకం చివర్లో ఏమవుతుందో నా చేతికి పుస్తకం రాకముందే ఒకరు చెప్పేశారు. చెప్పినవాళ్ళకి అది ఒక్క నిమిషం సరదా. నాకు ఆ పేజీ మొదటిసారి చదివే అవకాశం మళ్ళీ రాలేదు. ఇప్పటికీ బాధే. ఆ అమ్మాయితో మంచిగా చెప్పండి, "నీకు తెలుసు కాబట్టి నువ్వు వాడి మాట వినేదానివి, అంతే" అని. పిల్లలు అలాంటి బాధ్యత ఇస్తే బాగా నిలబెట్టుకుంటారు.

తల్లి: అలాగే మేడమ్. తిట్టడానికి ఫోన్ చేశాను, కొత్త నోట్‌బుక్ కొనాల్సి వచ్చింది.

వ్యాఖ్యాత: కొనండి, కొనండి. రెండో కాల్ రాయగడ నుంచి.

కాలర్ (రాయగడ): నమస్కారం మేడమ్. నేను కూడా అప్పట్లో ఆ రెండేళ్ళూ ఎదురుచూసినవాణ్ణే. ఇప్పుడు మా పాప చదువుతోంది, ఏడూ పూర్తి చేసింది. ఈ రహస్యం పుస్తకం రాకముందే వేరే దేశాల అనువాదాల్లో బయటపడింది అని ఎవరో అంటే నమ్మనంటోంది. అది నిజమేనా?

వ్యాఖ్యాత: ఒక్క నిమిషం సార్. గుణుపురం బాబూ, వింటున్నావా? రేడియో ఆపేసి ఐదు నిమిషాలు అలా బజారు దాకా వెళ్ళి రా. అమ్మా, మీరు చూడండి. ఏడో పుస్తకం చదవని పిల్లలందరికీ ఇదే మాట... సరే. నిజమే సార్. డచ్, నార్వేజియన్, ఫిన్నిష్ అనువాదాల్లో పాత్రల ఇంటిపేర్లు కూడా వాళ్ళ భాషలోకి మార్చేశారు. హ్యారీ గాడ్‌ఫాదర్ సిరియస్ బ్లాక్ ఉన్నాడు, ఆ ఇంటిపేరుకి అర్థం నలుపు కదా. డచ్‌లో ఆ కుటుంబం జ్వార్ట్స్ అయింది, నార్వేలో స్వార్ట్, ఫిన్లాండ్‌లో ముస్తా. మూడూ నలుపే. ఆరో పుస్తకం ఆ భాషల్లోకి వచ్చేసరికి చీటీ కింద ఏముంది? డచ్‌లో ఆర్.ఎ.జెడ్., నార్వేజియన్‌లో ఆర్.ఎ.ఎస్., ఫిన్నిష్‌లో ఆర్.ఎ.ఎం.

కాలర్ (రాయగడ): ఆహా! చివరి అక్షరం ఒకటే మారింది.

వ్యాఖ్యాత: మారింది అంటే ఆ ఇంటిపేరు బ్లాకే అయి ఉండాలి. మూడు భాషల్లోనూ నలుపు దగ్గరికే వచ్చి ఆగింది. బోన్స్, బోర్గిన్ అన్నవాళ్ళంతా అక్కడ వెనక్కి తగ్గాల్సి వచ్చింది. మీ పాపకి మన భాషల్లోనే చేసి చూపించండి. బ్లాక్‌ని తెలుగులో నల్ల అని మార్చి ఉంటే చీటీ కింద ఏ అక్షరం పడేది?

కాలర్ (రాయగడ): ఎన్.

వ్యాఖ్యాత: ఒడియాలో అయితే?

కాలర్ (రాయగడ): కళా... కె!

వ్యాఖ్యాత: అంతే. ఆర్.ఎ.బి. అంటే సిరియస్ తమ్ముడు రెగ్యులస్ అని ఇంగ్లీషులో కూడా చాలామంది అప్పటికే పట్టేశారు. తమ్ముడు వోల్డెమార్ట్ ముఠాలో చేరి చనిపోయాడని సిరియస్ ఐదో పుస్తకంలోనే చెప్తాడు. అదే పుస్తకంలో వాళ్ళ పాత ఇల్లు శుభ్రం చేస్తున్నప్పుడు ఎవరూ తెరవలేకపోయిన ఒక బరువైన లాకెట్ కనిపిస్తుంది. ఒకే ఒక్క వాక్యం, దుమ్ములో సామాను మధ్య. మధ్యలో ఏ మాత్రం ఎవరికీ ఖాయంగా తెలియలేదు. ఏడో పుస్తకంలో రెగ్యులస్ గది తలుపు మీద బోర్డు ఉంటుంది, నా అనుమతి లేకుండా లోపలికి రావద్దని. కింద పూర్తి పేరు, రెగ్యులస్ ఆర్క్టురస్ బ్లాక్. ఆ తలుపు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను సార్. ముఠాలో చేరిన కుర్రాడు, తప్పు తెలుసుకుని ఒంటరిగా ఎదిరించాడు. చావు ఖాయమని తెలిసే వెళ్ళాడు. తన పూర్తి పేరు కూడా చీటీలో రాసుకోలేదు.

కాలర్ (రాయగడ): ఒళ్ళు జలదరించింది మేడమ్. పాపకి ఈ రాత్రే చెప్తాను.

వ్యాఖ్యాత: చెప్పండి. బజారుకెళ్ళిన పిల్లలు ఇక వెనక్కి రావచ్చు. బరంపురం నుంచి ఎవరో పాప.

అమ్మాయి (బరంపురం): మేడమ్, నేను పదో క్లాసు. హ్యారీ ఫ్రెండ్ రాన్‌యే కాలంలో వెనక్కి వెళ్ళి డంబుల్‌డోర్ అయ్యాడని మా క్లాసులో చెప్పాను. అందరూ నవ్వారు. ఇంక ఏదీ చెప్పబుద్ధి కావట్లేదు.

వ్యాఖ్యాత: తల్లీ, అది నువ్వొక్కదానివే అనుకున్నది కాదు. ఏడో పుస్తకం రాకముందే చాలామంది పెద్దవాళ్ళు అదే వాదించారు. కాదని రచయిత్రి స్వయంగా చెప్పాల్సి వచ్చింది. నీకు ఏది చూసి అలా అనిపించింది?

అమ్మాయి (బరంపురం): రెండో పుస్తకంలో పాత జ్ఞాపకంలో డంబుల్‌డోర్ జుట్టు తెల్లగా ఉండదు, ఎర్రగా ఉంటుంది. ముక్కు పొడుగు. మొదటి పుస్తకంలో చదరంగం...

వ్యాఖ్యాత: చూశావా, నవ్వినవాళ్ళలో ఎంతమందికి ఆ జుట్టు రంగు గుర్తుంది? నీ ఊహ తప్పు. నువ్వు చూసినవి మాత్రం పుస్తకంలో ఉన్నవే. ఈసారి చెప్పేటప్పుడు ముందు ఆధారం చదివి వినిపించు, ఆ తర్వాత ఊహ చెప్పు. మానొద్దు. పర్లాకిమిడి నుంచి తాతగారు చాలాసేపటినుంచి లైన్లో ఉన్నారు, క్షమించండి.

తాతగారు (పర్లాకిమిడి): ఫర్వాలేదమ్మా, వింటున్నాను. నాకు డెబ్బయ్ దాటాయి. మా మనవడూ ఈ పుస్తకాలే. నాకు అంత ఇంగ్లీషు రాదు. వాడు ఆ లోకంలో ఉంటాడు, నేను అరుగు మీద ఉంటాను. మాట కలవట్లేదు.

వ్యాఖ్యాత: మీ చిన్నప్పుడు ఏం చదివేవారండీ?

తాతగారు (పర్లాకిమిడి): చందమామ. పాతాళదుర్గం, రాకాసిలోయ... నెలకోసారి ఒక ముక్క. ఆపిన చోటు చూసి, వచ్చే నెల ఏమవుతుందో అని పక్కింటి ఒడియా కుర్రాడితో పందెం వేసేవాణ్ణి. వాడు ఒడియా చందమామ, జహ్నమాములో చదివేవాడు. ఓడినవాడు బజ్జీలు కొనాలి.

వ్యాఖ్యాత: ఆ సీరియళ్ళు ఎవరు రాశారో అప్పుడు తెలుసా మీకు?

తాతగారు (పర్లాకిమిడి): ఎక్కడమ్మా! పేరు వేసేవారే కాదు. చిత్రా గారి బొమ్మలు మాత్రం చూడగానే తెలిసిపోయేవి. దాసరి సుబ్రహ్మణ్యం గారని నాకు తెలిసేసరికి జుట్టు నెరిసిపోయింది.

వ్యాఖ్యాత: అంటే రహస్యం పెట్టుకుని ఎదురుచూడటం మీకు బాగా తెలిసిన పనే కదండీ. మనవణ్ణి రోజుకో అధ్యాయం తెలుగులో చెప్పమనండి. మీరు మధ్యలో ఆపి, "నాకు ఫలానావాడి మీద అనుమానంగా ఉందిరా" అనండి. మీకు ముగింపు తెలీదు కాబట్టి వాడికి మీకంటే మంచి జోడీ దొరకదు. పందెం కూడా పెట్టండి.

తాతగారు (పర్లాకిమిడి): బజ్జీలేనా?

వ్యాఖ్యాత: బజ్జీలే. టైమైపోతోంది, చివరి కాల్... మళ్ళీ గుణుపురమేనా?

బాబు: మేడమ్, నేనే! బజారుకెళ్ళలేదు, మేడ మీద కూర్చుని ఐదో పుస్తకం తీశాను. వాళ్ళు ఆ పాత ఇల్లు శుభ్రం చేస్తారు చూడండి, అక్కడ బీరువాలో—

వ్యాఖ్యాత: ఆగు, ఆగు! ఇంకా చదవనివాళ్ళు వింటున్నారు. పేజీ నంబరు రాసుకున్నావా?

బాబు: రాశాను. దాని చుట్టూ గుండ్రంగా గీశాను కూడా.

వ్యాఖ్యాత: మధ్యలో ఏ?

బాబు: అది ఇంకా ఖాళీయే మేడమ్.

వ్యాఖ్యాత: అలాగే ఉంచు. ఏడో పుస్తకం దొరికి, ఆ ఖాళీ నిండిన రోజు నాకు ఫోన్ చెయ్యి.