ఉక్కుకు రెండు తలుపులు, గోధుమలకు ఒక్కటే

[తెర మీద: 1955 నాటి ప్రపంచ పటం. వాషింగ్టన్, మాస్కో, ఢిల్లీ మాత్రమే వెలుగుతూ ఉంటాయి.]

అప్పు అడిగిన ఇంట్లో లేదనిపించుకున్నవాడు పక్కింటి తలుపు తడతాడు. ఆ రెండిళ్లకూ పడదని తెలిస్తే కాస్త ధీమాగానే తడతాడు. అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య ప్రచ్ఛన్న యుద్ధం సాగిన కాలంలో కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశాల దౌత్యం చాలావరకు ఈ తీరునే నడిచింది. భారతదేశానికి ఆ ధీమా ఉక్కు విషయంలో పనికొచ్చింది, తిండి విషయంలో పనికిరాలేదు.

[తెర మీద: భిలాయ్ ఉక్కు కర్మాగారం, కరిగిన ఇనుము.]

ఏటా 10 లక్షల టన్నుల సామర్థ్యంతో భిలాయ్‌లో ఉక్కు కర్మాగారం నిర్మించడానికి 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. రుణంపై వడ్డీ 2.5 శాతం, తీర్చవలసినది 12 వార్షిక వాయిదాలలో. అసలు ఆకర్షణ వేరే ఉంది: వాయిదాలను రూపాయల్లోనే కట్టవచ్చు, ఆ రూపాయలతో మాస్కో మన సరుకులే కొనుక్కుంటుంది. విదేశీ మారకద్రవ్యానికి కటకటలాడుతున్న దేశానికి ఇంతకన్నా ఏం కావాలి? రూర్కెలాలో పశ్చిమ జర్మనీ, దుర్గాపూర్‌లో బ్రిటన్ కూడా పనికి దిగడంతో, దాదాపు ఒకే కాలంలో మూడు దేశాల సాయంతో మూడు కర్మాగారాలు లేచాయి.

బొకారోకు మొదట అమెరికానే అడిగాం. అధ్యక్షుడు కెనడీ సుముఖంగానే ఉన్నా, ప్రభుత్వ రంగంలోని కర్మాగారానికి తమ డాలర్లు ఎందుకివ్వాలని అక్కడి కాంగ్రెస్ సభ్యులు అడ్డుపడ్డారు. 1963లో నెహ్రూ ఆ అభ్యర్థనను ఉపసంహరించుకున్నారు. 1965 జనవరిలో మాస్కోతో ఒప్పందం జరిగింది. హైదరాబాద్ శివార్లలో ఐడీపీఎల్ మందుల కర్మాగారం వెలసినదీ సోవియట్ సాయంతోనే; డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి తొలి రోజుల్లో పనిచేసినది అందులోనే.

[తెర మీద: ఓడ నుంచి దిగుతున్న గోధుమ బస్తాలు.]

గోధుమల కథ వేరు. తమ రైతుల దగ్గర పేరుకుపోయిన మిగులు ధాన్యాన్ని వదిలించుకోవడానికి అమెరికా 1954లో పీఎల్ 480 చట్టం చేసింది. 1956 నుంచి మనం ఆ గోధుమలను రూపాయలు చెల్లించి తెచ్చుకున్నాం. 1965లో, మళ్లీ 1966లో వానలు ముఖం చాటేశాయి. 1966లో కోటి టన్నులకు పైగా తిండిగింజలు దిగుమతి చేసుకోవలసి వచ్చింది. సరిగ్గా అప్పుడే అధ్యక్షుడు జాన్సన్ దీర్ఘకాలిక ఒప్పందాలను పక్కనపెట్టి, ఒకటి రెండు నెలలకు సరిపడా గోధుమలను మాత్రమే విడుదల చేయడం మొదలుపెట్టారు. వ్యవసాయ విధానం మార్చుకోవాలన్నది ఆయన షరతు. నిజానికి మన ఆహార మంత్రి సి.సుబ్రహ్మణ్యం కోరుకుంటున్నదీ అదే కాబట్టి, ఆ షరతును పూర్తిగా తప్పుపట్టలేం. అయితే వియత్నాం యుద్ధంపై ఢిల్లీ చేసిన విమర్శలు కూడా జాన్సన్‌కు మింగుడుపడలేదు. పైగా అమెరికా, ప్రపంచ బ్యాంకుల ఒత్తిడి నడుమ ఇందిరాగాంధీ ప్రభుత్వం 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించింది, అంతవరకు 4.76 రూపాయలున్న డాలరు 7.50కి చేరింది.

ఉక్కు విషయంలో తట్టిన ఆ రెండో తలుపు గోధుమలకు ఎందుకు తెరుచుకోలేదు? ఆ ఇంట్లోనే గింజలు లేవు. 1963లో పంట దెబ్బతిన్నప్పుడు సోవియట్ యూనియనే కెనడా నుంచి, అమెరికా నుంచి గోధుమలు కొనుక్కుంది. బొకారో అయితే రెండేళ్లు ఆగింది, ఆకలి ఆగదు.

[తెర మీద: అమెరికా విశ్వవిద్యాలయ గ్రంథాలయం, అలమరలో తెలుగు పుస్తకాలు.]

గోధుమలకు మనం కట్టిన రూపాయలను అమెరికా డాలర్లుగా మార్చుకుని తీసుకెళ్లలేదు. అవి ఇక్కడే పోగుపడ్డాయి. వాటిలో సింహభాగాన్ని 1974లో అమెరికా వదులుకుంది. అంతకుముందు, 1962 నుంచి, అందులో కొంత సొమ్ముతో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం ఢిల్లీ కార్యాలయం ద్వారా భారతీయ భాషల పుస్తకాలు కొని తమ విశ్వవిద్యాలయాలకు పంపింది. అక్కడి అలమరల్లో ఉన్న ఆనాటి తెలుగు పుస్తకాలలో చాలావాటి ఖరీదు ఆ గోధుమల ఖాతాలో నుంచి వెళ్లినదే.