ఒక్క పాటే చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి

(విజయనగరంలో ఒక ఆదివారం సాయంత్రం పాటలంటే ఇష్టమున్నవాళ్లు కలిసినప్పుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండీ. ఈ ఊళ్లో మైకు ముందు నిలబడి పాటల గురించి మాట్లాడాలంటే ఎవరికైనా కాస్త టెన్షన్‌గానే ఉంటుంది. ముందు వరుసలో కూర్చున్న పెద్దవాళ్లలో సగం మంది మ్యూజిక్ కాలేజీ గుమ్మం తొక్కినవాళ్లే, తొక్కకపోతే వాళ్లింట్లో ఇంకెవరో తొక్కి ఉంటారు. 1919లో మొదలైన కాలేజీ, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, అక్కడ నేర్చుకుని వెళ్లినవాళ్లలో ఘంటసాల గారూ సుశీల గారూ ఉన్నారు, ఇవన్నీ మీకు నేను చెప్పాలా? కానీ ఒక్క సంగతి ఇవాళ్టి మాటలకి పనికొస్తుంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ కాలేజీలో విద్యార్థిగా చేరదామని వస్తే, దాసు గారు ఆయన వాయించింది విని, విద్యార్థిగా కాదు, ఏకంగా వయొలిన్ ఆచార్యుడిగా వేయించారని మన ఊళ్లో చెప్పుకుంటారు. అప్పటికి నాయుడు గారికి 26 ఏళ్లు.

దాసు గారు చేసిన పని చూడండి. ముందు చెవి పెట్టి విన్నారు. తర్వాత ఈ కుర్రాణ్ని మీరు వినాలి అని, ఎవరికి చెప్పాలో వాళ్లకే చెప్పారు. నేను ఈ పూట మాట్లాడేది ఆ పని గురించే. పాట పాడటం నా వల్ల కాదు, పాట చెప్పడం గురించి మాట్లాడతాను.

ఇప్పుడు మనం పాటలు ఎలా చెప్పుకుంటున్నాం? పొద్దున్నే వాట్సాప్ తెరిస్తే స్కూలు బ్యాచ్ గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, ఎవరి పెళ్లికో పెట్టి తీసెయ్యడం మర్చిపోయిన గ్రూపు, అన్నిట్లోనూ ఒక లింకు ఉంటుంది. పైన 'తప్పక వినండి', కింద రెండు దణ్ణాలు, ఒక నిప్పు బొమ్మ. ఎంతమంది తెరిచారు? పంపినాయనే పూర్తిగా వినలేదేమోనని నా అనుమానం. 40 మంది ఉన్న గ్రూపులో పడేసిన పాట ఎవరికీ చెప్పినట్టు కాదండీ, అది నోటీసు బోర్డు మీద కాయితం అంటించినట్టు.

మా మేనల్లుడు చెప్పే పద్ధతి వేరు. వాడు వినేదంతా ర్యాప్, నాకు ఆ స్పీడులో మాటలు అందవు, ఆ సంగతి వాడికీ తెలుసు. ఒకరోజు ఫోను చేసి, "మావయ్యా, ఒకటి పంపాను. మాటలు పట్టించుకోకు, మొదటిసారికి అక్కర్లేదు. రెండో నిమిషం దాటాక డప్పు ఠక్కున ఆగిపోద్ది, అక్కడ వాడు ఒక్కడే మాట్లాడినట్టు పాడతాడు, అదొక్కటీ విను, నచ్చకపోతే మళ్లీ నిన్నడగను" అన్నాడు. విన్నాను. ఆ డప్పు ఆగిన చోట నిజంగానే ఒళ్లు జల్లుమంది. అదే పాటని గ్రూపులో లింకుగా పడేసి ఉంటే నేను 10 సెకన్లు కూడా ఉండేవాణ్ని కాదు. వాడు నా చెవి ఎలాంటిదో ఆలోచించాడు, ఎక్కడ వినాలో చెప్పాడు, నచ్చకపోతే ఫరవాలేదు అన్నాడు. ఆ మూడోది చాలామంది చెప్పరు. మనకి నచ్చిన పాట అవతలివాళ్లకి నచ్చకపోతే మన ఇంటి పిల్లని కాదన్నట్టు ముఖం మాడ్చుకుంటాం, దాంతో వాళ్లు వినకుండానే 'బాగుంది' అనేస్తారు, అక్కడితో ఆ సంభాషణ చచ్చిపోతుంది.

పాత పద్ధతులు ఇంతకన్నా నయమా అంటే, కొన్ని విషయాల్లో నయమే. రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు వేస్తూ మీనాక్షి పొన్నుదురై గారు మాట్లాడుతుంటే చెవులు రిక్కించి విన్న తరం ఇక్కడ ఉంది. వివిధ భారతికి కార్డు రాసి, మన పేరు, ఇంట్లోవాళ్ల పేర్లు, వీధిలో సగం మంది పేర్లు చదివించుకుని, ఆ తర్వాత పాట వింటే ఆ పాట మనదైపోయేది. కానీ ఆ రోజులే బంగారం అని నేను అనను. అప్పుడు రేడియో వాళ్లు వేస్తే విన్నాం, వెయ్యకపోతే లేదు. ఇవాళ ఏ దేశపు పాటైనా జేబులో ఉంది, దాన్ని తక్కువ చెయ్యకూడదు.

నాకు నచ్చేది క్యాసెట్ రికార్డింగు షాపులు. కుర్రవాళ్లకి తెలీదు కాబట్టి చెబుతున్నాను. ఖాళీ క్యాసెట్ కొనుక్కుని, కావలసిన పాటల పేర్లు కాయితం మీద రాసి షాపులో ఇస్తే, రెండ్రోజులకి రికార్డు చేసి ఇచ్చేవారు. సిక్స్టీ అంటే పక్కకి 30 నిమిషాలు, నైంటీ అంటే 45. మన లెక్క ఎప్పుడూ సరిగ్గా సరిపోదు కదా, చివర మూడు నాలుగు నిమిషాలు మిగిలేవి. మంచి షాపతను ఆ మిగిలిన జాగాని ఖాళీగా వదిలేవాడు కాదు, మన లిస్టంతా చూసి, ఈయనకి ఇది నచ్చొచ్చు అని తన సొంతంగా ఒక పాట ఎక్కించేవాడు. మనం అడగనిది, డబ్బులు తీసుకోనిది. చాలామందికి వాళ్ల జీవితంలో అతి ఇష్టమైన పాట అలా క్యాసెట్ చివర తగిలిందే.

సహారా ఎడారిలో కూడా ఇలాంటిదే జరిగింది. తినారివెన్ అని టువారెగ్ జాతి వాళ్ల బృందం ఒకటి ఉంది, మాలీ, అల్జీరియా ఎడారులవాళ్లు, 1979లో మొదలైంది. దాని పెద్ద ఇబ్రహీం అగ్ అల్‌హబీబ్ చిన్నప్పుడు రేకు డబ్బా, కర్ర, సైకిల్ బ్రేకు తీగతో తన మొదటి గిటారు తయారు చేసుకున్నాడు. ఈ బృందం ఒక చిన్న స్టూడియోలాంటిది పెట్టుకుని, ఖాళీ క్యాసెట్ తెచ్చినవాళ్లకి పైసా తీసుకోకుండా పాటలు రికార్డు చేసి ఇస్తామంది. రేడియోలో వాళ్లని వేసేవాళ్లు లేరు, కంపెనీ లేదు. ఆ క్యాసెట్లు చేతులు మారుతూ, కాపీ మీద కాపీ అవుతూ ఎడారంతా తిరిగాయి. తర్వాత 2012లో గ్రామీ వచ్చింది. నేను మీకు చెప్పే మొదటి పేరు ఇదే. మాటలు అర్థం కావు, ఫరవాలేదు. గిటార్లు ఒకదాని వెనక ఒకటి నెమ్మదిగా నడుస్తుంటాయి, మధ్యలో చప్పట్లు, వెనక ఆడవాళ్ల గొంతులు. మన భజన బృందాల్లో ఒకరు అందుకుంటే అందరూ అనడం ఇష్టమున్నవాళ్లు వినండి. రాత్రి బస్సులో అయితే మరీ మంచిది.

ఇప్పుడు యాప్‌ల సంగతి. స్పాటిఫై మన దేశానికి 2019లో వచ్చింది, అది ప్రతి సోమవారం 30 పాటల లిస్టు ఒకటి చేసి పెడుతుంది. తప్పు పట్టడానికి లేదు, బాగానే కుదురుతుంది కూడా. దాని తెలివి ఎక్కువగా ఏమిటంటే, ఈ పాట విన్నవాళ్లు ఇంకేం విన్నారో లెక్క కట్టి, మీలాంటివాళ్లు విన్నదాన్ని మీ ముందు పెట్టడం. అంటే ఇప్పటికే నలుగురు విన్న పాట ఐదోవాడికి దొరుకుతుంది. ఎవరూ విననిదాన్ని మాత్రం అది ఎవరికి చూపిస్తుంది? సాలూరులోనో పాలకొండలోనో ఇంట్లో కూర్చుని ఒక అమ్మాయి పాట పెడితే, దాని పక్కన నిలబెట్టడానికి లెక్కలేవీ ఉండవు. పైగా ఆ యాప్‌లో 30 సెకన్లు దాటితేనే ఒకసారి విన్నట్టు లెక్క, 2024 నుంచి అయితే 12 నెలల్లో కనీసం 1000 సార్లు వినని పాటకి డబ్బులే రావు. వెయ్యి అనేది పెద్ద హీరో పాటకి అర నిమిషం పని. ఇంట్లో పాడుకునే పిల్లకి అది కొండ. ఈ హాల్లో ఉన్నవాళ్లం తలా నాలుగుసార్లు విని, తలా ఇద్దరికి చెప్పి, వాళ్లూ నాలుగుసార్లు వింటే ఆ కొండ సగం ఎక్కినట్టే. అందుకే మీరు చెప్పే ఒక్క పాటా పేరున్నవాళ్లది కాకపోతే మంచిదంటాను. పేరున్నవాళ్లకి మన సాయం అక్కర్లేదు.

అలా అంటూనే పేరున్నవాళ్లని చెబుతున్నాను, నవ్వకండి. సెజారియా ఎవోరా. ఆఫ్రికాకి పడమరగా అట్లాంటిక్‌లో కేప్ వెర్దె అని దీవులు, అందులో మిందెలో అనే రేవు ఊరు ఆమెది, 1941లో పుట్టింది. స్టేజీ మీద చెప్పుల్లేకుండా పాడేది. ప్రపంచానికి తెలిసేసరికి 50 దాటాయి. ఆమె పాటల్లో అన్నిటికన్నా పేరొచ్చింది 'సొదాదె', ఆ దీవుల నుంచి కూలీ పనికి సాఁవ్ తోమె అనే ఇంకో దీవికి పోయినవాళ్ల గురించిన పాట. మన శ్రీకాకుళం తీరం నుంచి మగవాళ్లు బోట్ల మీద పనికి గుజరాత్ వేరావల్ పోతారు కదా, ఉద్దానం నుంచి ఎక్కడెక్కడికో పోతారు కదా. ఇంట్లో అలా వెళ్లినవాళ్లు ఉన్నవాళ్లకి చెప్పండి ఈ పాట. ఏడుపు పాట కాదు, అది గమనించండి, ఆ గొంతులో ఎక్కడా తడి కనిపించదు, కింద గిటారు తాళం హాయిగా ఊగుతూనే ఉంటుంది. అంత హాయిగా ఊగుతూ అంత బరువు ఎలా మోసిందో నాకు ఎన్నిసార్లు విన్నా అంతుపట్టదు.

దాని వెంటనే చౌరస్తా బ్యాండు వాళ్ల 'ఊరెళ్లిపోతా మామ' వినండి. తెలుగు మాటలు, తాళం మాత్రం జమైకా రెగ్గే. రామ్ మిరియాల ఆ బ్యాండులోంచే సినిమాలకి వచ్చాడు. ఆవిడది ఊరు వదిలిపోవడం గురించి, ఇది పట్నం వదిలి తిరిగి వెళ్లిపోవడం గురించి. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఆదివారం మధ్యాహ్నం దిగాలుగా ఫోను చేసే పిల్లలుంటే వాళ్లకి పంపండి. ఉద్యోగం మానేసి వచ్చేస్తే నా పూచీ లేదు.

ఇచ్ఛాపురం, సోంపేట వైపువాళ్లకి ఒడియా పాటలు పరాయివి కావు. 'రంగబతి' రీమిక్సులు పెళ్లి డీజేల్లో విన్నారు, అసలుది విన్నారా? 1970ల్లో సంబల్పూర్ ఆకాశవాణిలో జితేంద్ర హరిపాల్, కృష్ణా పటేల్ పాడినది. ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది, ఆయనకి 2017లో, ఆవిడకి 2023లో, అంటే 40 ఏళ్లు దాటాక. అసలు రికార్డింగులో డీజే దరువు లేదు, అందుకే ఆ ఇద్దరి గొంతులూ ఒకదాన్నొకటి ఆటపట్టించుకోవడం స్పష్టంగా వినపడుతుంది.

ఇక మన గడప దగ్గరకి వద్దాం. వంగపండు ప్రసాదరావు గారిని సభల్లో విన్నవాళ్లు ఇక్కడ ఉంటారు, 2020లో పోయారు. పార్వతీపురం వైపు మనిషి, విశాఖ షిప్‌యార్డులో పని చేసినవాడు. యంత్రం మీద ఆయన కట్టిన పాట రాజకీయం నచ్చనివాళ్లు కూడా వినొచ్చు, ఎందుకంటే అది ఫ్యాక్టరీ లోపల నిలబడి చేతులతో పనిచేసినవాడు మాత్రమే కట్టగల పాట. ఆ మాటలు మన మాటలు, మన యాస. ఇంట్లో మాట్లాడితే టీవీ చూసి దిద్దుకునే పిల్లలకి ఆ పాట వినిపించాలి.

తప్పెటగుళ్లు, జముకుల కథ లాంటి మన వైపు జానపద కళల్ని ఫోన్లో తీసిన వీడియోలు చాలా ఉన్నాయి. శబ్దం బాగోదు, గాలి హోరు, ఎవడో మధ్యలో ఈల వేస్తాడు. అయినా వినండి. తప్పెటగుళ్లవాళ్లు రేకు గుల్ల ఛాతీకి కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, ఎగురుతూ, ఆయాసపడకుండా కృష్ణుడి కథ పాడటం ఏమిటండీ, జిమ్‌కి వెళ్లేవాళ్లు ఒకసారి చేసి చూపించండి. ఒక్క మాట మాత్రం. ఆ వీడియో ఎవరికైనా పంపేటప్పుడు పాడినవాళ్ల పేరు, ఊరు కనుక్కుని రాయండి. జానపదం అని ఒక్క ముక్క రాసి వదిలేస్తాం, పాట సినిమాలోకి వెళ్లిపోతుంది, పాడిన మనిషి ఊళ్లోనే ఉండిపోతాడు.

కర్ణాటక సంగీతం అంటే గంటన్నర కూర్చోవాలేమో అని పారిపోయే కుర్రవాళ్లకి ద్వారం గారి పాత 78 ఆర్‌పీఎం రికార్డులు చెబుతాను. పక్కకి మూడు నిమిషాల చిల్లర, అంతే. ఆ మూడు నిమిషాల్లో చెప్పాల్సింది చెప్పి దిగిపోతాడాయన. గరగరలాడుతుంది, ఇయర్‌ఫోన్లు తీసేసి చిన్న స్పీకరులో వినండి, బాగుంటుంది. రాక్ మీద మోజున్నవాళ్లు కర్ణాటక సంగీతాన్ని రాక్‌తో కలిపి వాయించే బెంగుళూరు బ్యాండు అగంతో మొదలుపెట్టి అక్కడి నుంచి ద్వారం గారి దగ్గరకి రావచ్చు. పెద్దవాళ్లు ద్వారం గారితో మొదలుపెట్టి అగం దగ్గరకి వెళ్తారా అంటే, వెళ్లమనే నా సలహా, డ్రమ్స్ మొదలవగానే రిమోట్ వెతక్కుండా ఉంటే చాలు.

మీకు ఎవరైనా పాట చెబితే ఏం చెయ్యాలో కూడా చెప్పి ముగిస్తాను. వినండి, ఆలస్యమైనా ఫరవాలేదు, వారం తర్వాతైనా వినండి. విన్నాక 'సూపర్' అనకండి. ఫలానా చోట ఆ ఫ్లూటు బాగుంది అనండి, లేదా నాకు ఆ గొంతు పడలేదు, కానీ తాళం నచ్చింది అనండి. చెప్పినవాళ్లకి అంతకన్నా ఏం కావాలి? తర్వాతి పాట ఇంకా మీకు దగ్గరగా చెబుతారు. మా మేనల్లుడికి నేను చేసేది అదే, ఇప్పుడు వాడు నా కోసం వెతికి మరీ పంపుతున్నాడు, నేను పంపినవాటిలో వాడికి సాలూరి రాజేశ్వరరావు గారి బాణీలు ఎక్కాయి, సాలూరు పక్క శివరామపురం ఆయన ఊరు అంటే వాడు ముందు నమ్మలేదు.

తలుపు పక్క బల్ల మీద చీటీలు పెట్టారు. ఒక్కొక్కరు ఒక్క పాటే రాయండి, పాడినవాళ్ల పేరుతో. కింద ఎలాంటివాళ్లు వింటే బాగుంటుందో, ఎక్కడి నుంచి వినాలో ఒక ముక్క. మీ పేరు అక్కర్లేదు. చీటీలన్నీ డబ్బాలో కలిపి, టీ తాగాక తలా ఒకటి తీసుకుందాం. మీది మీకే వస్తే మళ్లీ వేసి ఇంకోటి తియ్యండి. పెన్నులు నాలుగే ఉన్నాయట, రాసినవాళ్లు జేబులో పెట్టుకోకుండా పక్కవాళ్లకి ఇవ్వండి.